కాలి మీద పుండు, కిడ్నీలో పొర

కాలి మీద పుండు లేస్తే కిడ్నీలు ఎందుకు పోయాయని నన్ను అడగని మనిషి లేదు. మా గల్లీలో కూరగాయల బండామె అడిగింది. షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడ అడిగింది. చూడటానికి వచ్చిన చుట్టాలు చాయ్ తాగుతూ అడిగారు. అడుగుతారే గానీ జవాబు పూర్తిగా వినరు. సగంలోనే "మా దగ్గర ఒకాయనకు గిట్లనే అయితే ఆకు పసరు తాగిపిచ్చిన్రు" అని మొదలుపెడతారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. అందుకని ఒక్కసారి రాసి పెడుతున్నాను. రాస్తే మనసు కుదుటపడుతుందని డయాలసిస్ సెంటర్‌లో ఒక నర్సమ్మ చెప్పింది. కుదుటపడుతుందో లేదో నాకు తెలియదు. ఇంకో ఇంట్లో ఎవరి కాలి మీదైనా పుండు చూసి "అదే మానుతదిలే" అనకుండా ఉంటే నాకు అదే పదివేలు.

నా పేరు సుగుణ. మా ఆయన యాదగిరి నాకు మేనత్త కొడుకు. అందుకే పెళ్ళయి ఇన్నేళ్ళైనా బావా అనే పిలుస్తాను. మా సొంతూరు జనగామ వైపు. ఉండేది చిలకానగర్‌లో, పని నాచారంలో ఒక పౌడర్ కోటింగ్ షెడ్డులో. ఇద్దరిదీ అదే షెడ్డు. కరెంటు పెట్టెలు, ఫ్యాన్ జాలీలు, గేట్లు మా దగ్గరికి వస్తే రంగు వేసి పంపిస్తాం. ఆ రంగు నీళ్ళలా ఉండదు, మెత్తటి పిండిలా ఉంటుంది. రంగు కొట్టే గన్నులోంచి వచ్చేటప్పుడు ఆ పిండికి కరెంటు ఛార్జ్ ఎక్కుతుంది. ఇనుప సామానును కొక్కేనికి వేలాడదీసి ఎర్త్ ఇస్తారు. పిండి తనంతట తానే పోయి ఇనుముకు అతుక్కుంటుంది, వెనకవైపుకు కూడా తిరిగి పట్టుకుంటుంది. ఆ తర్వాత ఓవెన్‌లో పెడితే కరిగి గట్టి పొర అవుతుంది. గన్ను పట్టేది బావ. నాది మాస్కింగ్. అంటే బోల్టు బిగించే రంధ్రాలకు, వైరు తగిలించే చోట్లకు రంగు పడకుండా పచ్చ టేపు వేయడం, రబ్బరు బిరడాలు పెట్టడం. అంటాల్సిన చోట అంటించేది ఆయన, అంటకూడని చోట అంటకుండా చూసేది నేను. "మీ ఇంట్ల గూడ గింతేనా వదినా" అని షెడ్డులో పనిచేసే కుర్ర పిల్లలు నన్ను ఏడిపించేవాళ్ళు.

నిరుడు తొలకరి వానలప్పుడు

ట్యాంకుల దగ్గర పనిచేసే మల్లేశన్న ఊరికి పోయాడు. రంగు వేసే ముందు సామాను మీది నూనె, తుప్పు పోవడానికి వరసగా కొన్ని ట్యాంకుల్లో ముంచి తీయాలి. అందులో ఒకటి యాసిడ్. మనిషి దొరకలేదని ఆ పని కొన్నాళ్ళు నాకు అప్పజెప్పారు. మల్లేశన్న రబ్బరు బూట్లే నాకిచ్చారు. అవి నాకు బాగా పెద్దవి. పైనుంచి పడ్డ నీళ్ళు లోపలే నిలిచేవి. రోజంతా ఆ తడిలోనే కాళ్ళు నానేవి.

కొన్నాళ్ళకు మోకాళ్ళ కింద చిన్న చిన్న పొక్కులు లేచాయి. ఒకటే దురద. గోకితే రసి కారి పైన తేనె రంగు పెచ్చు కట్టేది. చూసినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు, యాసిడ్ చుక్కలు పడ్డాయని. మల్లేశన్న తిరిగొచ్చి ప్యాంటు పైకి మడిచి తన కాళ్ళ మీది పాత మచ్చలు చూపించాడు.

"గిది యాసిడ్ పుండే చెల్లె. నా కాళ్లు సూడు, గిట్లనే ఉంటయి. సోడా నీళ్లు వోసి కడుగు, యాసిడ్ సచ్చిపోతది. మందులు గిందులు ఏం వద్దు."

మా పనిలో అందరికీ తెలిసిన వైద్యం అది. యాసిడ్ మీద పడితే బట్టల సోడా కలిపిన నీళ్ళు పోసుకుంటాం. నేనూ పొద్దున, సాయంత్రం ఆ నీళ్ళతోనే కడుక్కున్నాను. మంట పుట్టేది. మండుతుందంటే పనిచేస్తుందని అనుకున్నాను. ఆ రోజుల్లోనే బావకు మోచేతి మీద అలాంటివే రెండు పొక్కులు లేచాయి. బావ ట్యాంకుల వైపే రాడు, మరి యాసిడ్ ఆయన మోచేతి దాకా ఎలా పోయిందని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. అది తోచి ఉంటే నాకు ఇప్పుడు ఇంత రాసే పని ఉండేది కాదు. ఆయనవి మానిపోయాయి. నావి కూడా మెల్లగా ఎండి రాలిపోయాయి. పీడ వదిలిందని మళ్ళీ నా టేపుల దగ్గర కూర్చున్నాను.

బోనాలప్పుడు

పుండ్లు మానిన కొద్ది వారాలకు ఒక పొద్దున బావ నా ముఖంలోకి వింతగా చూశాడు.

"ఏందే, మొఖం గట్ల ఉబ్బింది? ఏడ్సినవా?"

"నీతోని ఇన్నేండ్లు కాపురం జేస్తే ఉబ్బకుంట ఉంటదా బావా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. సాయంత్రానికి కాళ్ళూ ఉబ్బాయి. మట్టెలు వేళ్ళలోకి దిగబడ్డాయి. మూత్రం చాయ్ డికాషన్ రంగులో వచ్చింది, పైన సబ్బు నురుగులా నురుగు. వేడి చేసిందనుకుని బార్లీ నీళ్ళు తాగాను. బోనం ఎత్తుకుని గుడి దాకా నడవబోతే నాలుగు అడుగులకే ఆయాసం వచ్చింది. మా అమ్మాయి మౌనిక నా తల మీది బోనం అందుకుంది. ఇంటర్ చదువుతున్న పిల్ల, అంతవరకు ఎప్పుడూ బోనం ఎత్తలేదు.

ఉప్పల్‌లో మేం ఎప్పుడూ పోయే డాక్టర్ బీపీ చూసి, ఇంకోసారి చూసి, ఇంటికి కూడా పోకుండా పెద్ద దవాఖానాకు పొమ్మన్నాడు. అక్కడ రక్తం తీశారు. నాకు షుగర్ ఉందని ఆ రోజే తెలిసింది. కిడ్నీలు సగానికంటే ఎక్కువ పనిచేయడం లేదని కూడా ఆ రోజే తెలిసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అని మా అత్తమ్మ ఎందుకంటుందో అప్పుడు అర్థమైంది.

దవాఖానా వరండా గురించి చెప్పాలి. పొద్దున్నే పోయి వరసలో నిలబడితే మధ్యాహ్నానికి గది తలుపు కనిపిస్తుంది. తలుపు కనిపించాక బెంచీ మీద కూర్చోవచ్చు. లోపలి నుంచి పేరు పిలిస్తే అందరూ ఒక్కసారి లేస్తారు, ఎవరిది కాదో వాళ్ళు మళ్ళీ కూర్చుంటారు. నా పక్కన సంగారెడ్డి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉండేది. కొడుకును చూపించడానికి తెచ్చింది. నేను తినడం లేదని గమనించి తన మూటలోని జొన్న రొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది. ఉప్పు వద్దన్నారని చెప్తే, "గీ రొట్టెల ఉప్పు లేదు బిడ్డా, నా కొడుక్కు గూడ వద్దన్నరు" అంది. ఎన్ని పూటలు ఆ రొట్టె తిన్నానో. ఆ కొడుకు తర్వాత ఏమయ్యాడో నాకు తెలియదు. వాళ్ళు రావడం మానేశారు.

వీపులోంచి సూది గుచ్చి కిడ్నీ ముక్క తీశారు. ఫలితం వచ్చిన రోజు వార్డులో ఒక చిన్న డాక్టరమ్మ నా మంచం దగ్గరికి వచ్చింది. గుంటూరు వైపు మాట, నిద్ర లేని కళ్ళు. మొదట నా కాళ్ళ మీది మచ్చలు అడిగింది. యాసిడ్ అని చెప్పాను. ఇంట్లో ఇంకెవరికైనా వచ్చాయా అంది. బావ మోచెయ్యి చూపించాడు. ఆమె తల ఊపింది.

"ఇది యాసిడ్ కాదమ్మా. సూక్ష్మక్రిమి. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. అప్పుడే వారం మందు వాడాల్సింది."

"పుండు కాలు మీద గదా మేడం, మానింది గూడ. మరి కిడ్నీ దాకా ఎందుకు వోయింది?" అని అడిగాను. ఇప్పుడు నన్ను అందరూ అడిగే ప్రశ్నే అది.

వేరే డాక్టరైతే కసురుకునేవాడు. ఆమె మంచం అంచున కూర్చుని మందుల చీటీ వెనక గీసి చూపించింది. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నని గోడ ఉంటుందట. ఆ గోడకు మైనస్ ఛార్జ్ ఉంటుందట. మన రక్తంలోని మంచి ప్రొటీన్లలో చాలావాటికి కూడా మైనసే, అందుకే గోడ వాటిని దగ్గరికి రానివ్వదు, అవి మూత్రంలోకి కారిపోవు. పుండులోని క్రిమి రకరకాల ప్రొటీన్లను రక్తంలోకి వదులుతుంది. అందులో చాలావరకు కొట్టుకుపోతాయి. ప్లస్ ఛార్జ్ ఉన్నవి మాత్రం పోయి ఆ గోడకు అతుక్కుంటాయి, గోడ లోపలికి కూడా దిగుతాయి. క్రిమిని చంపడానికి మన ఒంట్లో తయారైన సైన్యం వాటిని వెతుక్కుంటూ అక్కడికే వస్తుంది. అదీ ఇదీ కలిసి గోడ మీద గడ్డ కడతాయి. యుద్ధం అక్కడే మొదలవుతుంది. పుండు మానిన తర్వాత కూడా.

"అన్ని క్రిములూ ఇలా చేయవు. ఒకే క్రిమి అందరిలోనూ ఇలా చేయదు. ఛార్జ్ ఒక్కటే కారణమని కూడా చెప్పలేం. మీకు షుగర్ ఉండటం కొంత. మిగతాది మాకూ తెలియదమ్మా" అంది.

బావ ఆ గీతల వైపే చూస్తున్నాడు. గన్ను పట్టే మనిషికి ఛార్జ్ అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మేడం, ఒక్క మాట అడుగుత. మా పనిల పౌడర్ కొట్టినంక ఓవెన్ల వెట్టక ముందైతే గాలి కొడితే ఊడిపోతది. ఓవెన్ల వోయొచ్చినంక ఏం జేసినా ఊడది. ఈమెది ఓవెన్ల వోయిందా, ఇంక బయటనే ఉన్నదా?"

ఆమె బయాప్సీ కాగితం మళ్ళీ చూసింది.

"కొంత బయటే ఉంది. చాలామందిలో దానంతట అదే ఊడిపోతుంది. పిల్లల్లో అయితే దాదాపు అందరిలో. మీ వయసులో, షుగర్‌తో, ఇప్పుడే చెప్పలేను. మందులిస్తాం. చూద్దాం."

చూద్దాం అన్న మాటను పట్టుకుని మేం కొన్ని నెలలు బతికాం.

దసరాకు అటూ ఇటూ

స్టెరాయిడ్లు పెద్ద మోతాదులో ఇచ్చారు. ముఖం ఇంకా ఉబ్బింది, ఈసారి మందులకు. ఆకలి పిశాచిలా పట్టుకునేది, తిందామంటే అన్నీ వద్దన్నారు. అంతలో మూత్రం తగ్గిపోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి పడుకుంటే ఊపిరాడేది కాదు. మెడ దగ్గర గొట్టం పెట్టి డయాలసిస్ మొదలుపెట్టారు. కొన్నాళ్ళకే అన్నారు. కిడ్నీలు తేరుకునే దాకా అన్నారు.

తేరుకుంటాయని నేను నమ్మాను. ప్రతి పొద్దున బాత్రూంలో ప్లాస్టిక్ చెంబులో పట్టి, వెలుతురుకు పెట్టి చూసుకునేదాన్ని. నిన్నటికంటే గుక్కెడు ఎక్కువ వస్తే ఆ రోజంతా కూనిరాగం తీసేదాన్ని. తక్కువైతే ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. మౌనిక బాత్రూం తలుపు చప్పుడును బట్టే నా మనసు ఎలా ఉందో కనిపెట్టేది.

మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చి మాతోనే ఉండిపోయింది. ఆమె మా నాన్నకు అక్క. చిన్నప్పుడు నన్ను చంకన వేసుకుని తిరిగిన మనిషే. అయినా ఒకే ఇంట్లో జబ్బు మనిషి ఉంటే మంచి మాటలు ఎన్నాళ్ళో నిలవవు. నాకు వేరుగా ఉప్పు లేని కూర చేయాలి. ఆకుకూరలు, ఆలుగడ్డలు ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోయాలి. "రుచంత మోరీల వోసి పిప్పి దినుడు ఏం తిండి" అని ఆమె గొణిగేది. నాకు కోపం ఎక్కువ, జబ్బుతో ఇంకా ఎక్కువైంది. ఒకసారి గిన్నె విసిరేశాను. ఆమె నేల తుడిచి, మళ్ళీ వండింది. ఆ రోజు నాకు చచ్చిపోవాలనిపించింది. అది ఒక్కసారి అనిపించింది కాదు, ఉన్న మాట చెప్పాలి కదా.

మల్లేశన్న ఒక ఆదివారం వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "నేనే గదా చెల్లె సోడా నీళ్లు కడుగుమన్న" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నీ తప్పు కాదన్నా అని చెప్పాలి. నోట్లోంచి ఆ మాట రాలేదు. కూర్చో అన్నాను, అంతే. ఇప్పుడు నెలకోసారి వస్తున్నాడు. ఇప్పటికీ ఆ మాట నేను అనలేదు, ఆయన కూర్చోవడం మానలేదు.

దసరా అయ్యాక రెండోసారి సూది గుచ్చారు. ఫలితానికి బావ ఒక్కడే పోతానన్నాడు. నేను వినలేదు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ఇద్దరం పోయాం. కిటికీలోంచి హబ్సిగూడ హాస్టళ్ళు, కోచింగ్ బోర్డులు పోతుంటే, అన్నీ మామూలుగా ఉన్నాయని నాకు ఒళ్ళు మండింది. చిన్న డాక్టరమ్మ మమ్మల్ని చూసి లేచి నిలబడింది. లేచి నిలబడిందంటేనే నాకు తెలిసిపోయింది. ఆమె బావ వైపు చూసి, ఆయన మాటతోనే చెప్పింది.

"ఓవెన్‌లోకి పోయిందన్నా. కిడ్నీ చాలావరకు మచ్చ కట్టింది. ఇక ఊడదు."

బావ సరే మేడం అన్నాడు. గేటు బయట గోడకు ఆనుకుని, గన్ను పట్టే చేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. మరునాడు పొద్దున ప్లాస్టిక్ చెంబును చెత్త బండిలో వేసేశాను.

చలికాలం

డయాలసిస్ ఇక ఎప్పటికీ అని తేలాక, మిషన్ సూదులకు వీలుగా చేతిలో నరాలు కలిపే ఆపరేషన్ చేశారు. చర్మం కింద ఎప్పుడూ తేనెటీగ ఉన్నట్టు జుమ్మంటుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, గాజులు వేసుకోకూడదు. వారానికి మూడు రోజులు మిషన్. మిగిలిన రోజులు మిషన్ నుంచి తేరుకోవడం.

కిడ్నీ మార్చడం ఒక్కటే దారి అన్నారు. మా అమ్మానాన్నలు లేరు. తోడబుట్టింది ఒక్క అక్క, ఆమెకూ షుగర్. బావ నేనిస్తానన్నాడు. ఆ మాట అన్నది అన్నం తినేటప్పుడు. పచ్చి పులుసు కలుపుకుంటూ, బజారుకు పోయొస్తానన్నట్టు అన్నాడు. అత్తమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది.

రెండు రోజులు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక్కగానొక్క కొడుకు. మూడో రోజు నా పక్కన కూర్చుని తల దువ్వుతూ తనే మొదలుపెట్టింది.

"ఇయ్యనీ. కలుస్తది. మా తమ్ముని బిడ్డవు, నా రక్తం వాని రక్తం నీ రక్తం ఒక్కటే. బయటి సంబంధమైతే కలువకపోవునేమో. మేనరికం గదా, ఎట్ల కలువది?"

మేమందరం అదే నమ్మాం. రక్తం గ్రూపు కూడా కలిసింది. షెడ్డులో లడ్డూలు పంచారట. బావ బీడీ మానేశాడు, పొద్దున్నే లేచి చిలకానగర్ గల్లీల్లో నడిచేవాడు. "నా సామాను మంచిగ సాఫ్ జేసి ఇస్త నీకు" అనేవాడు. నిజం చెప్తున్నా, ఆ కొన్ని వారాలు నేను సంతోషంగా ఉన్నాను. పెళ్ళినాటికంటే సంతోషంగా ఉన్నాను.

చివరి పరీక్షలో నా రక్తాన్ని, ఆయన రక్తంలోని కణాలను కలిపి చూస్తారు. దాని ఫలితం చెప్పడానికి నన్ను, బావను, అత్తమ్మను లోపలికి పిలిచారు. చిన్న డాక్టరమ్మే చెప్పింది. మీకు ఎన్ని కాన్పులమ్మా అని అడిగింది. ఒక్కటే, మౌనిక, దాని తర్వాత రెండు నిలవలేదు అని చెప్పాను.

"కడుపులో బిడ్డ సగం తండ్రిది కదమ్మా. ఆ సగాన్ని మీ ఒళ్ళు కొత్తదిగా గుర్తుపట్టింది. దాని మీదికి సైన్యాన్ని తయారు చేసుకుంది. కొందరు తల్లుల్లో అది పోదు. మీ ఆయన కిడ్నీ పెడితే అది వెంటనే పోయి దాన్ని చంపేస్తుంది. ఆ సైన్యాన్ని తగ్గించే మందులున్నాయి గానీ, మీలో ఉన్నంత ఎక్కువకు అవి పనిచేయవంటున్నారు పెద్ద డాక్టర్లు."

"మేనరికం మేడం" అంది అత్తమ్మ, డాక్టరమ్మకు అర్థం కాలేదేమోనని.

"అయినా అంతే పెద్దమ్మా."

నిలవని ఆ ఇద్దరి కోసం నేను ఎంత ఏడ్చానో నాకు తెలుసు. వాళ్ళు పోతూ పోతూ నా ఒంట్లో వాళ్ళ నాన్న మీదికి కత్తులు పెట్టి పోయారని ఆ రోజు తెలిసింది. బావ నా భుజం తట్టి, "పెండ్లైనకాన్నుంచి పైన్నే కొట్లాడుతున్నవనుకున్న. లోపట గూడ తయారుగ ఉన్నవా" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నాకు నవ్వు రాలేదు, ఆయనకూ రాలేదు.

తలెత్తితే ఎదురుగా అత్తమ్మ ముఖం. ఒక్క క్షణం, రెప్పపాటు, ఆ ముఖం తేలికపడింది. బరువు మూట దించిన మనిషి ముఖం అది. నేను చూశానని ఆమెకు తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. నాకు మాత్రం ఆమెను కడుపులో పెట్టుకునేంత మంచితనం అప్పుడు లేదు. నెల రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాను.

ఈ ఎండాకాలం

మాలాంటి ఇంకో జంట దొరికితే, వాళ్ళాయన కిడ్నీ నాకు, బావది ఆమెకు మార్చుకునే పద్ధతి ఒకటి ఉందట. పేర్లు ఇచ్చాం. చనిపోయినవాళ్ళ కిడ్నీల కోసం కూడా పేరు రాయించాం. నా ఒంట్లో ఉన్న ఆ సైన్యం వల్ల కుదిరేది దొరకడం చాలా కష్టమని చెప్పే రాయించుకున్నారు. దింపుడు కళ్ళం ఆశ. ఫోన్ మోగితే ఇప్పుడు బావ కూడా పరుగెత్తడు.

ఎండల్లో నీళ్ళే పెద్ద బాధ. రోజుకు ఇన్ని అని కొలిచి తాగాలి. ఉప్పల్ ఎండలో రోడ్డు మీద చెరకు రసం బండి చప్పుడు వింటే గొంతు కోసుకోవాలనిపిస్తుంది. ఓపిక ఉన్న రోజు షెడ్డుకు పోతాను. కూర్చుని చిన్న సామానుకు టేపు వేస్తాను. చేతులు వణికితే టేపు అంచు సరిగ్గా అతకదు, సందులోంచి పౌడర్ దూరుతుంది. పిల్లలు చూసీ చూడనట్టు నా సామాను తీసుకుపోయి సరిచేస్తారు. నాకు తెలియదనుకుంటారు.

మొన్న మౌనిక పుట్టినరోజు. పదిహేడు నిండాయి. వద్దంటే వినకుండా బావ చిన్న కేక్ తెచ్చాడు. మౌనిక నాకు గోరంత ముక్క పెట్టి, నా చెవి దగ్గరికి వంగింది.

"ఇంకొక్క ఏడాదేనమ్మా. పద్దెనిమిది నిండితే నేనిస్త. నా గ్రూపు గూడ నీదే, కాలేజీల క్యాంపు వెడితే చూపించుకున్న. బాపుకు చెప్పకు."

ఇన్ని నెలలుగా అది ఈ లెక్కలోనే ఉందన్నమాట. బాత్రూం తలుపు చప్పుడు వింటూ, నా ముఖం చూస్తూ, దాని రోజులు అది లెక్కపెట్టుకుంటోంది.

దానికి తెలియనిది నాకు తెలుసు. బావది పడదని చెప్పిన రోజు దవాఖానాలో అందరూ బయటికి వెళ్ళాక నేనొక్కదాన్నే ఆగి, చిన్న డాక్టరమ్మను అడిగాను, రేపు నా బిడ్డ ఇస్తానంటే ఏమవుతుందని. ఆమె తల అడ్డంగా ఊపింది. నా ఒంట్లో సైన్యం లేవడం మొదలైందే ఆ బిడ్డను మోసినప్పుడు. ఆయన సగం దానిలోనూ ఉంది. భర్తది పడనట్టే బిడ్డది కూడా పడదని చెప్పింది.

అంటే నాకు దారి లేదు. నా బిడ్డ ఒంటి మీద కత్తి పెట్టే దారి కూడా లేదు. అది ఎంత మొండికేసినా, ఎంత ఏడ్చినా, ఏ డాక్టరూ దాని కిడ్నీ తీసి నాకు పెట్టడు. నా బతుకులో ఇంకేమీ మిగల్లేదని తెలిసిన ఆ మాటకే నా గుండె కుదుటపడింది. ఇదెలాంటి సంతోషమో నాకు చెప్పడం రాదు.

దాని తల నిమిరి, "అట్లనే బిడ్డా" అన్నాను. తలెత్తితే ఎదురుగా అత్తమ్మ. ఆమెకు మా మాటలు వినపడ్డాయి. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. ఆ రోజు నేను ఆమె ముఖంలో చూసిన తేలికే మొన్న ఆమెకు నా ముఖంలో కనిపించింది. ఈసారి పక్కకు తిరగబోయింది నేను.

ఆమె లేచి లోపలికి పోయి, నాకు కొలిచి పెట్టిన నీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చి, నేను తాగే దాకా పక్కనే కూర్చుంది.